నది కనిపించే ఇల్లు

“ఇంటి పన్ను పెంచితే పెంచండి. కానీ నదిని చూసేవాళ్లకీ, గోడను చూసేవాళ్లకీ ఒకటే పన్నేమిటి?”

దియోలిందా ఆ మాట అనగానే మునిసిపాలిటీ హాలులో చప్పట్లు మోగాయి. అంతవరకూ జనం బడ్జెట్ మీద విరుచుకుపడుతున్నారు. ఈత కొలను ఎవరు కట్టమన్నారు, దాని అప్పు మా నెత్తిన ఎందుకు రుద్దుతున్నారు అని ఒకటే గోల. మేయరు జవాబు తోచక నీళ్లు నములుతున్నాడు. దియోలిందా మాటతో అతనికి ప్రాణం లేచొచ్చింది.

“బాగా చెప్పారమ్మా! ఎండా, గాలీ, నదీ ఉన్న ఇళ్లను మళ్లీ మదింపు చేయిద్దాం. ఇంతకీ మీరనేది ఏ ఇంటి గురించి?”

“మా పై అంతస్తే. హెర్మీనియా ఇల్లు.”

పక్కనే ఉన్న భర్త ఆర్మిందో ఆమె చెయ్యి పట్టి లాగాడు. “ఆవిడ జోలి నీకెందుకే? మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది.”

“ఒంటరిగానా? డోరో నది మొత్తం ఆవిడ బాల్కనీలోనే ఉంటేనూ!”

ఒకప్పుడు వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులు. వైన్ గిడ్డంగిలో సీసాలకు కాగితాలు అంటిస్తూ పక్కపక్కనే నిలబడి వయసు గడిపారు. పై అంతస్తు అమ్మకానికి వచ్చినప్పుడు, ‘చూద్దాం, ధర ఇంకాస్త తగ్గుతుంది’ అంటూ ఆర్మిందో నాన్చాడు. ఈలోగా హెర్మీనియా దంపతులు కొనేశారు. చివరికి దియోలిందాకు కింది వాటా దక్కింది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. వానలు మొదలైతే పడగ్గదిలో బూజు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

రోజూ సాయంత్రం రొట్టె కొనుక్కుని వస్తూ దియోలిందా తల ఎత్తకుండా ఉండలేదు. పైన హెర్మీనియా శాలువా కప్పుకుని, జుట్టు చక్కగా ముడి వేసుకుని, నదికి ఎదురుగా రాణిలా కూర్చుని ఉంటుంది. ఆమె భర్త పోయిన కొత్తలో దియోలిందా మనసు కరిగి, వీధిలోంచి చెయ్యి ఊపింది. హెర్మీనియా తల కూడా ఆడించలేదు.

“చూశావా పొగరు!” ఆ రోజు సూపు గిన్నెను బల్ల మీద ఠప్పున పెట్టింది దియోలిందా. “నదిని వాళ్ల నాన్న కట్నంగా ఇచ్చాడనుకుంటోంది!”

సభ జరిగిన కొన్నాళ్లకు మదింపు అధికారి వచ్చాడు. ఆ ఏడాది భవనం బాగోగులు చూసే వంతు దియోలిందాది కావడంతో అతని వెంట మెట్లెక్కింది. వంతు కాకపోయినా ఏదో వంక పెట్టుకుని ఎక్కేదే.

హెర్మీనియా తలుపు తీసింది. “లోపలికి రండి సార్.” ఆ వెంటనే, “నువ్వూ వచ్చావా, దియోలిందా? నీ నడక మారలేదే,” అంది.

ఎన్నేళ్లుగానో ఊహించుకున్న ఆ ఇంట్లో దియోలిందా మొదటిసారి అడుగు పెట్టింది. గదుల నిండా ఎండ. కుర్చీలూ బల్లలూ మేకులు కొట్టినట్టు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ పొందికకు కూడా ఆమె కడుపు మండింది.

బాల్కనీలోకి వెళ్లిన అధికారి ఈల వేశాడు. “ఎంత అందంగా ఉందమ్మా! పన్ను మాత్రం బాగా పెరుగుతుంది. కావాలంటే అభ్యంతరం చెప్పుకోవచ్చు.”

“అభ్యంతరం లేదు.”

“పెరిగేది కొంచెం కాదండీ. మీ పింఛనులో...”

“తినేది కాస్త తగ్గించుకుంటాను. ఈ నదికి ఎంత వేస్తే అంత కడతాను. రాసుకోండి.”

బతిమాలుతుందనీ, కళ్లనీళ్లు పెట్టుకుంటుందనీ అనుకుని వచ్చింది దియోలిందా. అధికారి వెళ్లిపోయినా ఆమె కదల్లేదు.

“అమ్మేసి ఎక్కడైనా చిన్న ఇల్లు చూసుకోవచ్చుగా? తిండి మానుకునైనా ఈ బాల్కనీలో కూర్చోవాలా? అంత గొప్పా?”

“గొప్ప కాదే. మా ఆయన ఇక్కడే కూర్చుని రోజూ నది కబుర్లు చెప్పేవాడు. ఇక్కడుంటే ఆయన పక్కనే ఉన్నట్టుంటుంది.” హెర్మీనియా మెల్లగా వచ్చి బాల్కనీ కమ్మీ పట్టుకుంది. “ఎలాగూ వచ్చావు. నది ఇవాళ ఏ రంగులో ఉందో చెప్పు.”

“వెటకారమా? రోజంతా కళ్లప్పగించి చూసేది నువ్వు. నన్నడుగుతావేం?”

హెర్మీనియా గొంతు తగ్గించింది. “ఎవరితోనూ అనకు. తెలిస్తే నన్నిక్కడ ఒంటరిగా ఉండనివ్వరు.”

“ఏం తెలిస్తే?”

“నాకు చూపు లేదు, దియోలిందా.”