ఆగస్టు సిమెంటు

“రోగం నిజమే డాక్టరమ్మా, కాదనను. సిమెంటు మాత్రం నాది కాదు” అన్నాడు కాంట్రాక్టర్ లాంబ్రోస్, చేతిలో పూసల దండ టకటకలాడిస్తూ.

వోలోస్ ఊళ్ళో కార్మికుల నష్టపరిహారం తేల్చే వైద్యుల గది అది. లాంబ్రోస్ దగ్గర పనిచేసే తాపీ మేస్త్రీ ఆర్గిరిస్ చొక్కా విప్పి కూర్చున్నాడు. రెండు రోజుల కిందట అతని వీపు మీద అంటించిన పరీక్ష పట్టీలను డాక్టర్ పోలిక్సేని ఒక్కొక్కటే ఊడదీసింది. సబ్బు, రబ్బరు, రంగు ఉన్న చోట్ల చర్మం మామూలుగానే ఉంది. సిమెంటులో ఉండే క్రోమియం అంటించిన చోట మాత్రం ఎర్రగా పొంగి నీటి పొక్కులు లేచాయి.

ఇక చేతులైతే మరీ అధ్వాన్నం. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చెమరుస్తోంది. పొద్దున చొక్కా గుండీలు కూడా భార్యే పెట్టి పంపింది. జబ్బు పనివల్లే వచ్చిందని డాక్టర్ రాస్తే పరిహారంతో పాటు నీడపట్టున ఏదో ఒక పని దొరుకుతుంది. రాయకపోతే సోమవారం మళ్ళీ అదే సిమెంటు, అదే తాపీ.

లాంబ్రోస్ ఊరికే రాలేదు. ఆగస్టు ఇరవైన ఆర్గిరిస్‌కి ఆస్పత్రిలో జబ్బు ముదిరిందని రాసిచ్చిన చీటీ నకలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆ నెలంతా తన సైట్లు మూసే ఉన్నాయని, పనివల్ల వచ్చిన జబ్బయితే సెలవుల్లో తగ్గాలి గానీ రెట్టింపు ఎలా అవుతుందని నిలదీశాడు.

ప్రశ్న న్యాయంగానే ఉంది. ఆగస్టులో ఏం చేశావని డాక్టర్ ఆర్గిరిస్‌ని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. “ఒకరికి మాటిచ్చాను డాక్టరమ్మా. నేను చెప్పకూడదు.”

లాంబ్రోస్ పకపకా నవ్వాడు. “చెప్పడానికేముంది? సొంత ఇల్లు కట్టుకుని ఉంటాడు. ఆగస్టులో మన ఊళ్ళో అందరూ చేసేదే కదా.”

అదీ నిజమే. ఇళ్ళకు అనుమతులిచ్చే ఆఫీసు ఆగస్టులో సెలవులకని మొత్తంగా సముద్రపు ఒడ్డుకు తరలిపోతుంది. అనుమతి లేనివాళ్ళు ఆ నెల్లోనే గోడలు లేపి, వాళ్ళు తిరిగొచ్చేలోగా పైకప్పు వేసేస్తారు. డాక్టర్ మరిది వంటిల్లు లేచిందీ అలాగే. అందుకే ఆమె ఆ సంగతి పొడిగించలేదు.

“కట్టుకుని ఉంటాడు అంటే కుదరదు. నేను ఊహలు రాయను” అంది. “మీరు చూశారా?”

“చూడకపోవడమేమిటి? కళ్ళారా చూశాను. మోచేతుల దాకా తడి సిమెంటు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా.”

ఎన్నాళ్ళు చూశారని అడిగితే, నెల పొడుగునా రోజూ చూశానన్నాడు. డాక్టర్ అంతా పొల్లుపోకుండా రాసి కాగితం అతని వైపు తిప్పింది. లాంబ్రోస్ చదవకుండానే దర్జాగా సంతకం గీకేశాడు.

“ఇంకొక్కటే ఖాళీ మిగిలింది” అంది డాక్టర్. “ఆ ఇల్లు ఎక్కడ?”

పూసల దండ ఆగిపోయింది. డాక్టర్ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఆర్గిరిస్ తలెత్తి ఎంతో మర్యాదగా అన్నాడు: “మాటిచ్చింది నేను కదయ్యా, మీ ఇంటి అడ్రసు మీరు చెప్పుకోవచ్చు.”