పచ్చి తుంగ

"ఈ తుంగ ఎండలే. తీస్కపో," అంది హన్మవ్వ, మోపు విప్పకుండానే.

తుకారాం మొహం మాడిపోయింది. కందకుర్తిలో నది ఒడ్డున కోసి, ఆరబెట్టి, ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనకబడి బోధన్ దాకా తెచ్చిన తుంగ అది. పోయిన వారమూ ఇదే మాట, అంతకు ముందూ ఇదే మాట.

"గలగలమంటున్నది గదా అవ్వా!"

"పుట్టినప్పటి సంది సాపలు నేస్తున్న, నాకు చెప్తవా? నమ్మకం లేకుంటే కూసొని నువ్వే నేసి సూడు."

చాప నేయాలంటే ఇద్దరుండాలి. ఒకరు తుంగ అందిస్తే ఇంకొకరు అచ్చు పలకతో దాన్ని బిగించి కొట్టాలి. హన్మవ్వ మోపులోంచి గుప్పెడు తుంగ గుంజి మగ్గం దగ్గర పడేసి, పక్కకు జరిగింది. తుకారాం అచ్చు పట్టుకున్నాడు. ఎదురుగా తుంగ అందిస్తున్న సాయవ్వ తలెత్తలేదు.

సాయవ్వ హన్మవ్వ కోడలు. పెనిమిటి జ్వరంతో పోయినప్పటి నుంచి అత్తాకోడళ్లకు ఈ మగ్గమే కూడు పెడుతోంది. వాళ్ల కులంలో మారుమనువు తప్పు కాదు. నెల కిందట సంతలో "నన్ను చేసుకుంటవా?" అని తుకారాం అడిగితే, "మా అత్తనడుగు," అంది సాయవ్వ. అడగడానికే వస్తాడు పాపం. మోపులు ఎన్నయినా మోస్తాడు గాని, హన్మవ్వ కన్నెర్రజేస్తే నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది. సాయవ్వకూ నోరు రాదు. తను పోతే ముసలామె ఒంటి చేత్తో చాప ఎట్లా నేస్తుంది? ఆ దిగులే ఆమెను తినేస్తోంది.

"గట్టిగ కొట్టు! చేతులల్ల సత్తువ లేదా?" హన్మవ్వ గదమాయించింది. "అంచు వంకర పోతున్నది... ఆఁ, గట్ల!"

అత్తకు సంగతి తెలిసిపోయింది, అందుకే ఇట్లా సతాయిస్తోంది అనుకుంది సాయవ్వ.

కాసేపటికి తుకారాం అచ్చు వదిలేసి లేచాడు. "ఇగ నాతోని గాదవ్వా. మళ్ల రాను. ఇంకో ఊర్ల వేరే గిరాకిని సూస్కుంట." మోపు నెత్తికెత్తుకుని బయటికి నడిచాడు.

సాయవ్వ చేతిలోని తుంగ కింద పడేసి లేచింది. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ లేదు.

"అత్తా, తుంగ మంచిగనే ఉన్నది! ఆయనను పోనియ్యకు!"

అనేసి, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హన్మవ్వ కోడలిని ఎగాదిగా చూసింది. గబగబా వాకిట్లోకి పోయి మోపు తాడు పట్టి గుంజింది.

"నువ్వు నోరు తెరిసి పిల్లనడిగేదాక ఇంకెన్ని మోపులు తిప్పి పంపాలెరా, అల్లుడా?"