చేగోడీ కొరికిన పన్ను

శనివారం పొద్దున సింగపూరు క్రాంజిలో, మలేషియా వైపున్న జొహోర్‌కు వెళ్ళే బస్సు కోసం నిలబడ్డ వరుసలో వెంకటరాజును చూసి ఫసియుద్దీన్ నవ్వాడు.

"పళ్ళకేనా రాజు సాబ్?"

"మా ఆవిడకి భాయ్. ముందు పన్ను సగానికి విరగ్గొట్టుకుంది."

ఇద్దరూ చాంగీ బిజినెస్ పార్కులో ఒకే బ్యాంకుకు ప్రోగ్రాములు రాస్తారు. భార్య హాజరాకు దవడ పన్ను పీకించడానికి ఫసియుద్దీన్ బుకిట్ పంజాంగ్ నుంచి బయల్దేరాడు. సింగపూరులో ఒక పన్నుకయ్యే ఖర్చుతో, వంతెన దాటి మలేషియాలోకి వెళితే నోరంతా బాగుచేయించుకోవచ్చు. ఐటీ ఉద్యోగాలు కుప్పలుగా దొరుకుతున్న ఆ రోజుల్లో కూడా శనివారం బస్సులో చాలామంది దవడ పట్టుకునే కూర్చునేవారు.

వెంకటరాజు వెనక అతని భార్య వసుంధర చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎట్ల ఇరిగింది బేటా?" అని హాజరా అడిగింది.

"చేగోడీ అండీ," వెంకటరాజే జవాబు చెప్పాడు. "మా అత్తగారు భీమవరం నుంచి డబ్బాడు పంపింది. పిండి అయిపోయి కంకర కలిపినట్టుంది. బుర్రున్న మనిషైతే ఒకటి కొరికి చూసి పక్కన పెడుతుంది. ఈవిడకి పుట్టింటి సరుకంటే పళ్ళు కూడా అక్కర్లేదు."

"మీ జేబు కన్నా గట్టిదా ఆ చేగోడీ?" అన్నాడు ఫసియుద్దీన్.

వెంకటరాజు కూడా నవ్వాడు. పిసినారి అంటే అతనికి కోపం రాదు. ఆఫీసులో అందరితో కలిసి టీ తాగి, డబ్బులిచ్చే వేళకు ఫోను చెవిన పెట్టుకునే మనిషి. ఎవరైనా ఇల్లు మారితే వాళ్ళు పారేసిన కర్టెన్లు అతని కిటికీలకు వేలాడతాయి. అలాంటివాడు పెళ్ళాం పన్ను కోసం సరిహద్దు దాటుతున్నాడంటే వింతేముంది?

బస్సు ఎక్కాక అతని నోటికి అడ్డు లేకుండా పోయింది.

"సింగపూరు డాక్టర్లు ఒట్టి కబుర్లరాయుళ్ళు భాయ్. కుర్చీలో పడుకోబెట్టి పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. అడిగినందుకు మళ్ళీ బిల్లు. ఇక్కడివాళ్ళు నయం. నోరు తెరవమంటారు, పని చూసి పంపేస్తారు."

"ఇవాళే కానియ్యాల్నా? రద్దీ ఉంటది మరి."

"ఎల్లుండి మా బావమరిది దిగుతున్నాడు. నిశాంత్ అని, ఈవిడ అన్న. వాడి మొహానికి కూడా సింగపూరు ప్రాజెక్టు దొరికింది. ఎవడు పడితే వాడు వచ్చేస్తున్నాడు ఈ దేశానికి. ఎయిర్‌పోర్టులో ఈ తొర్రినోరు వేసుకుని ఎదురెళితే నా పరువేం కావాలి?"

వసుంధర కిటికీలోంచి వంతెన కింద నీళ్ళు చూస్తోంది. పెళ్ళయ్యాక ఆమె అన్నను చూడలేదు. నెల రోజులుగా అతని రాక కోసమే ఎదురుచూస్తోంది.

జొహోర్ క్లినిక్‌లో కుర్చీలన్నీ నిండిపోయాయి. హాజరాకు ముందే చెప్పి ఉంచారు కాబట్టి లోపలికి పిలిచారు. వసుంధర పేరు లేదు. వచ్చే శనివారం రమ్మంది కౌంటరులోని మలయ్ అమ్మాయి.

ఆ రోజు వసుంధర మొదటిసారి నోరు విప్పింది.

"వచ్చే వారమే వద్దామండీ. అన్నయ్య ఏమీ అనుకోడు."

"నిన్నడిగానా?" అన్నాడు వెంకటరాజు.

అతను కౌంటరు మీదికి వంగి ఆ అమ్మాయితో చాలాసేపు గొణిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు పర్సు తీశాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే డాక్టరును ఆపినందుకు రెట్టింపు ఇస్తానన్నాడు.

"యా అల్లా," అన్నాడు ఫసియుద్దీన్. "సోమవారం ఆఫీసుల చెప్తే ఎవరూ నమ్మరు."

దవడలో దూది కుక్కుకుని బయటికొచ్చిన హాజరా సంగతంతా విని వసుంధర పక్కన కూర్చుంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"కిస్మత్ ఉన్నదానివి బేటా. పైకి అట్ల తిడతడు గానీ, నువ్వంటే పానం మీ ఆయనకు. మా ఆయన చూడు, నా దవడ కోసం జొహోరంతా తిరిగి బేరం చేసిండు."

వసుంధర తల దించుకుంది. సిగ్గుపడిందనుకుని హాజరా ఆమె చెయ్యి నిమిరింది.

డాక్టరు కుర్రవాడు. రేడియో పెట్టుకుని పనిచేశాడు. విరిగిన చోట పన్ను రంగు మందు పెట్టి, ఆరబెట్టి, అరగదీశాడు. ఒక్క మాట కూడా అడగలేదు. చివర్లో చేతికి అద్దం ఇచ్చాడు.

వెంకటరాజు అద్దం పక్కకు నెట్టి తనే వంగి చూశాడు. ఎడమ నుంచి చూశాడు, కుడి నుంచి చూశాడు.

"నవ్వు."

ఆమె నవ్వింది.

"ఊఁ. ఇంక మీ అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని వెతికినా దొరకదు," అని పర్సు మూశాడు.

తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ వరుస పాములా సాగింది. ఫసియుద్దీన్‌కు ఉండబట్టలేదు.

"అవును రాజు సాబ్, క్లెమెంటిల మీ బ్లాకు కిందనే డెంటిస్ట్ ఉంది కదా. ఇవాళ మీరిచ్చిన పైసలకు అక్కడనే అయిపోతుండె."

"బుధవారం వెళ్ళాం భాయ్. మధ్యలో లేచొచ్చేశాం. ఆవిడ డాక్టరా? ఒట్టి వాగుడుకాయ."

బుధవారం ఆ డాక్టరమ్మ వాగింది ఒక్క మాటే: వెంకటరాజును బయట కూర్చోమని తలుపు వేసి, "మీ ఆయన ఎన్నాళ్ళ నుంచి కొడుతున్నాడమ్మా?" అని వసుంధరను అడిగింది.