అయ్యాక పిలుపు

ఇంటికి వెళ్ళినా పలకరించే దిక్కు లేదని ప్రోగ్రామర్ రాత్రి ఆఫీసులోనే ఉండిపోయాడు. పెద్ద పనిని కంప్యూటర్లోని సహాయక ప్రోగ్రామైన డెలిగేట్‌కి అప్పగిస్తే అది వెనకాల తన మానాన నడుస్తుంది, ముగియగానే పిలుస్తుంది. ఆ పిలుపుకి అతను భార్య గొంతు పెట్టుకున్నాడు.

"మీ మిషను తరఫున కూడా నేనే కేకెయ్యాలా?" అని నవ్వి, ఆవిడ రికార్డు చేసిచ్చింది రెండే మాటలు: "ఏవండీ, అయిపోయింది." తర్వాత జబ్బుపడి, నొప్పితో మెలికలు తిరుగుతూ పోయింది.

ఇక ఆ గొంతు వినలేక, ఈ రాత్రి పిలుపు తీసేసి పని మొదలుపెట్టాడు.

ఏసీ ఆగిపోయింది. గదిలో అతని ఊపిరి తప్ప చప్పుడు లేదు. కాసేపటికి పని ముగిసినట్టు తెర మీద మౌనంగా కనబడింది. హమ్మయ్య అనుకుని లేవబోయాడు.

"ఏవండీ."

స్పీకర్లోంచే.

"తీసేశాను కదే... పనైపోయింది కదా," అన్నాడు.

"నాకింకా అవలేదండీ." రికార్డులో లేని మాట. "నొప్పి అలాగే ఉంది. అయ్యాక పిలుద్దామనుకున్నా. పిలుపు తీసేశారు. ఇక అయినట్టు మీకెలా తెలుస్తుంది?"