సవతి మర్దల

దైతారి దాస్ నీళ్లలో నానబెట్టిన పఖాళ అన్నం గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ ముద్ద దిగడం లేదు. లోపలి గదిలోంచి మర్దల, అదే ఒడిస్సీ మద్దెల మోత వినిపిస్తోంది. వాయిస్తున్నది అతను కాదు. అసలు మనిషే కాదు.

అతని భార్య మినతి మేనల్లుడు జ్యోతిరంజన్ తెచ్చిపెట్టిన కంప్యూటర్ అది. తెర మీద వరసగా గళ్లుంటాయి. ఏ గడిలో ఏ దెబ్బ కావాలో పెడితే చాలు, కరెంటు ఉన్నంతసేపూ వాయిస్తూనే ఉంటుంది. టీ అడగదు. చెయ్యి నొప్పి అనదు. వానాకాలం చర్మం మెత్తబడిందని గంటసేపు శ్రుతి చూసుకోదు.

కటక్‌లో పాటలు రికార్డు చేసేవాళ్లంతా దాన్ని ఎప్పుడో నెత్తిన పెట్టుకున్నారు. దైతారిని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పోనీలే, పొట్ట మీదే కదా కొట్టింది అని సరిపెట్టుకున్నాడు. ఇప్పుడది ఇంట్లోకే వచ్చి పెళ్లాం పక్కన చేరింది.

ఇరవై ఏళ్లు మినతి ఒడిస్సీ నాట్యానికి అతనే వాయించాడు. ఆమె కాలు ఎప్పుడు లేస్తుందో ఆమెకంటే ముందు అతని వేళ్లకు తెలిసేది. కోణార్క్‌లో ఒకసారి నాట్యం మధ్యలో గజ్జెల తాడు తెగితే, ఆమె సర్దుకునేదాకా తాళాన్ని సాగదీసి నిలబెట్టాడు. చూసేవాళ్లకు తెలియనే లేదు. అలాంటి మినతి ఇప్పుడు పొద్దున్నే, "ఏమండీ, అది పెట్టండి" అంటుంది. అతని చేత్తోనే పెట్టిస్తుంది.

"ఒంటి దెబ్బ, మళ్లీ ఒంటి దెబ్బ. ఇదీ ఒక తాళమేనా? వారం నేర్చినవాడు వాయిస్తాడు దీన్ని," అని జ్యోతి దగ్గర ఉడుక్కున్నాడు దైతారి. "దీనికి ఊపిరుందిరా? అరచెయ్యి నొక్కితే గుమ్మని పలికే నాదముందా?"

"లేదు మామయ్యా," ఒప్పేసుకున్నాడు జ్యోతి. "దెబ్బకీ దెబ్బకీ కాస్త తేడా వినపడేలా చెయ్యొచ్చు, అదీ ఉత్త నటనే. పాడేవాళ్లు ఆగితే ఇది ఆగదు. ఎదుటి మనిషిని చూడదు. చెప్పిన వేగం చెప్పినట్టే, అంతే."

"మరి మీ అత్తకు దాంట్లో ఏం కనిపించింది?"

"అత్తనే అడుగు."

అడిగాడు. మినతి నవ్వింది.

"నాకు రావాల్సిన సవతి మీకొచ్చింది. ఏడవకండి."

"వేళాకోళం కాదు మినతీ. నేనుండగా అదెందుకు?"

"మీరు నా మొహం చూసి వాయిస్తారు. నేను తడబడితే జాలిపడి ఆగుతారు. మీరు ఆగితే నేనూ ఆగిపోతాను. దానికి జాలి లేదు."

ఊరంతా మెచ్చుకున్న గుణమే ఇంట్లో తప్పయి కూర్చుంది. దైతారికి ఒళ్లు మండిపోయింది.

శనివారం పట్టనాయక్ మేడమ్ వస్తారు. మినతికి ఎంతవరకు వచ్చిందో చూస్తారు. ఈసారీ ఇంతే అయితే ఇక లాభం లేదని కిందటిసారే అనేశారు. మినతి అడుగు పడితే తన దెబ్బకే పడాలి, ఆ డబ్బా దెబ్బకు కాదు. దైతారి పంతం పట్టాడు.

మేడమ్ వచ్చి కూర్చున్నారు. మినతి లేచి నిలబడింది. దైతారి స్పీకర్ తీగ పీకేసి, మర్దలను ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఏం చేస్తున్నారు?" మినతి కంగారుగా అడిగింది.

"ఇవాళ నేను వాయిస్తా."

ప్రాణం పెట్టి వాయించాడు. ఆమె కుడికాలు లేవబోయి తడబడింది. అది చూడగానే అతని చెయ్యి తనంతట తనే నెమ్మదించింది. ఆమె ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. మినతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దైతారి బాబూ, చాలు," అన్నారు మేడమ్ మెల్లగా. "దాన్నే పెట్టండి."

అతనే తీగ గుచ్చాడు. దయాదాక్షిణ్యాలు లేని ఆ ఒంటి దెబ్బ మొదలైంది. మినతి తలెత్తింది. కాలు లేచింది. పడింది. రెండోదీ లేచింది. దైతారికి ఆ మాయదారి డబ్బాను తీసుకెళ్లి మహానదిలో పారెయ్యాలనిపించింది.

పక్షవాతం వచ్చాక మొదటిసారిగా, ఫిజియోథెరపీ మేడమ్ చూస్తుండగా, ఎవరినీ పట్టుకోకుండా, మినతి మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచింది.