అమ్మ చెప్పిన సీరియల్

మూడేళ్ల కింద ఆగిపోయిన అత్తాకోడళ్ల సీరియల్ పోయిన నెల మళ్లీ మొదలైంది. మొదటిరోజే మా చంపాపేట్ ఇంటి ఓనరు సోమమ్మ కర్ర పట్టుకుని మెట్లెక్కి మా గదికి వచ్చింది. కింద టీవీ ఆమె కోడలు ముట్టనివ్వదు.

మా అమ్మ రజిత కుర్చీ వేసింది కానీ ముఖం తిప్పుకుంది. అప్పట్లో మాకు టీవీ లేదు. అమ్మ ఐదేళ్లు సోమమ్మ గడపలో నిలబడి సీరియల్ చూసింది. సీరియల్ ఆఖరి రోజున చుట్టాలు వచ్చారని, "కిరాయోళ్లకు గిది సినిమా హాలా?" అని సోమమ్మ అమ్మ ముఖం మీదే తలుపేసింది.

ఇప్పుడు సోమమ్మకు చెవులు వినబడవు. "ఏమంటాందే?" అని మాటమాటకీ అడుగుతుంది. అమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్తుంది.

"నీ అసోంటి కండ్లు నెత్తికెక్కినదాన్ని ఏడ సూడలేదని కోడలంటాంది!"

టీవీలో ఆ కోడలు అత్తకు దండం పెడుతోంది. నాకు నవ్వు ఆగలేదు.

నెలంతా అమ్మ ఆ కోడలి చేత అత్తను ఇలాగే తిట్టించింది. నిన్న అత్తను ఏడిపించింది కూడా.

"తలుపేసి తప్పు జేసిన, మాఫ్ జెయ్ బిడ్డా అని అత్త ఏడుస్తాంది."

సోమమ్మ కొంగు జరిపి చెవి చూపించింది. లోపల వినికిడి మిషన్ ఉంది.

"ఇది పెట్టుకొని పది దినాలైంది బిడ్డా. టీవీల గా మాట లేదని నాకెర్కనే. మరి కోడలు మాఫ్ జేసిందా?"

అమ్మ టీవీ సౌండ్ తగ్గించింది. తర్వాత మామూలు గొంతుతో అంది.

"ఇంకా లేదు పెద్దమ్మా. సీరియల్ గదా, ఏండ్లు పడ్తది. రేపు గూడ రా."