ఉక్కపోత

"రేపటికి ఈ ఇల్లు చల్లబడకపోతే నేను తిరిగి మినెసోటా వెళ్ళిపోతాను. నువ్వు నీ ఎల్ పాసోతో కాపురం చేసుకో," అంది కరిన్ మెడ తుడుచుకుంటూ.

వారెన్ కొత్త పంపు చంకలో పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. కూలర్‌కి ఆ పంపు కోసం పొద్దున్నే సరిహద్దు వంతెన దాటి మెక్సికో వైపున్న హువారెజ్ వెళ్ళాడు. వెళ్ళడానికి ఎంతసేపు? తిరిగి రావడమే గగనమైంది. పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని, వంతెన మీద ఎండలో నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయాయి.

"ఈ ఉద్యోగం మళ్ళీ దొరకదు కరిన్."

"నేనూ మళ్ళీ దొరకను."

వారెన్ నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. కూలర్‌లో గడ్డి మొన్ననే మార్చాడు, బెల్టు నిన్న బిగించాడు. ఇప్పుడు పంపు. రేకు కాలి అరచేతులు బొబ్బలెక్కాయి. ఈ ఊరికి రమ్మని తనని ఎవరు ఏడ్చారని తిట్టుకుంటూ దిగాడు.

కూలర్ హోరుమంటోంది. గాలీ వస్తోంది. ఇల్లు మాత్రం ఇడ్లీపాత్రలాగే ఉంది. గోడలు చెమ్మగిల్లాయి, పక్కదుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"ఇదే కూలర్‌తో పక్కింటావిడ శాలువా కప్పుకుని పడుకుంటానంటోంది," అన్నాడు వారెన్.

"ఆవిడకి అలవాటు."

"శాలువా కప్పుకోవడమా?"

ఊపిరాడక అతను కిటికీ తీయబోతే కరిన్ అడ్డం వచ్చింది.

"తీస్తే ఎడారంతా నీ కంచంలోకొస్తుంది. మొన్న దుమ్ము ఎత్తిపోసింది నేను, నువ్వు కాదు," అని గొళ్ళెం బిగించి, మంచం కింద నుంచి పెట్టె లాగింది.

వారెన్ బయటికొచ్చేశాడు. పక్కింటి వరండాలో ఒరాలియా రాత్రి కూరకి నాగజెముడు మట్టల ముళ్ళు గీకుతోంది. మెట్ల మీద కూలబడి ఆమెకి తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"కిటికీలు మూసుంచుతున్నారా ఏంటి బాబూ?" అంది ఆవిడ.

"మరి దుమ్ము..."

"దుమ్ము తుడుచుకోవచ్చు. కూలర్‌ది నీళ్ళ గాలి. అది బయటికి పోయే దారి లేకపోతే ఇల్లంతా ఉడికిపోదూ? ప్రతి గదిలో కిటికీ జానెడు తీసి పెట్టు. కాసేపట్లో నువ్వూ శాలువా వెతుక్కుంటావు."

వారెన్ నెత్తి కొట్టుకున్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇంత చిన్న విషయం మాకు ఒక్కరూ చెప్పలేదండీ. తెలిసుంటే మా కరిన్ పెట్టె సర్దేదే కాదు."

ఒరాలియా చేతిలో కత్తి ఆగింది.

"అదేంటి బాబూ, మీరు దిగిన రోజే మీ ఆవిడకి చెప్పానే. ఎంతో శ్రద్ధగా వింది. 'మరి మూసేస్తే ఏమవుతుంది?' అని కూడా అడిగింది."